కాదనడానికి వీలున్న చావు

ఫోను వచ్చినప్పుడు రత్తమ్మ దొడ్లో నెత్తళ్ళ చేపలు ఎండబోస్తోంది. బాపయ్య చూరు నీడన కూర్చుని చిరిగిన వల అల్లుకుంటున్నాడు. పెద్దకొడుకు శివనాగరాజు ఇంట్లోంచి ఫోను పట్టుకొచ్చి తల్లి చేతిలో పెట్టాడు.

"నీకేనే అమ్మా. ఎవరో నీతోనే మాట్లాడాలంట" అని, స్పీకరు కూడా తనే నొక్కాడు.

"అమ్మా... నేనే. అశోక్‌ని."

రత్తమ్మ చేతిలో చేట జారిపడి నెత్తళ్ళు ఇసకపాలయ్యాయి. బాపయ్య వేళ్ళు వల కంతలోనే ఆగిపోయాయి.

"అన్నం తిన్నావా అమ్మా? నేను బాగానే ఉన్నా. బాపట్ల పక్కన రొయ్యల చెరువుల కాడ పనిచేస్తన్నా. ఇప్పుడు రాలేను. ఎందుకని అడగమాక. బెంగెట్టుకోమాక."

అంతే. ఫోను కట్టయింది. రత్తమ్మ ఆ ఫోన్ని రెండు చేతులా చెవికి అదుముకుని చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఇసకలో కూలబడి, పడిపోయిన నెత్తళ్ళు ఏరడం మొదలుపెట్టింది.

అశోక్ ఆ ఇంట్లో చిన్నకొడుకు. నిజాంపట్నం హార్బరు నుంచి మరో ఇద్దరితో వేటకెళ్ళి ఎనిమిదో ఏడు నడుస్తోంది. పడవ తిరగబడి ఒడ్డుకొచ్చింది. ఆ ఇద్దరి శవాలూ వచ్చాయి. అశోక్ మాత్రం రాలేదు. ఊళ్ళోవాళ్ళు నెలన్నర చూసి, ఇక లాభం లేదని పెద్దకర్మ చేయించారు. ఆ రోజు తమ్ముడి కోసం గుండు కొట్టించుకున్నది శివనాగరాజే. వచ్చినవాళ్ళకి దగ్గరుండి వడ్డించిందీ అతనే. రత్తమ్మ ఒక్కతే ఆ విస్తళ్ళ దగ్గరికి రాలేదు. "శవాన్ని చూపించండి, అప్పుడు ఏడుస్తా" అని గదిలో కూర్చుంది.

అశోక్ పెళ్ళాం లక్ష్మీతిరుపతమ్మ చంటిపిల్ల ఇందుని ఎత్తుకుని ఏడాది తిరక్కుండానే ఆ ఇల్లు వదిలింది. వదిలింది అనడం కంటే వదిలించారు అనడం న్యాయం. పొయ్యి దగ్గర మొదలైన గొడవ ఆమె సామాను వీధిలో పడేదాకా వెళ్ళింది. బాపయ్య అడ్డుపడలేదు. ఇల్లు అన్నదమ్ములిద్దరి పేరునా ఉందని అతనికి తెలుసు. అయినా పెద్దకొడుకు గొంతు పెద్దదనీ, తను తినే ముద్ద అతనిదేననీ ఊరుకున్నాడు. లక్ష్మీతిరుపతమ్మ రేపల్లె మార్కెట్లో చేపలమ్ముకుంటూ పిల్లని పెంచింది. ఏడేళ్ళు నిండాక రేపల్లె కోర్టులో దావా వేసింది. నా మొగుడు చనిపోయినట్టు ప్రకటించండి, ఇంట్లో అతని భాగం నాకూ నా పిల్లకూ ఇప్పించండి అని. అత్తనీ మామనీ బావనీ ప్రతివాదుల్ని చేసింది.

సమన్లు వచ్చిన కొన్నాళ్ళకే ఈ ఫోను.

బాపయ్యకి ఆ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూడాలన్న ఊహే రాలేదు. మర్నాడు ఎవరికీ చెప్పకుండా బాపట్ల బస్సెక్కాడు. జేబులో కొడుకు పెళ్ళిఫొటో. చెరువుల వెంట గట్లు పట్టుకుని నడిచాడు. కాపలా గుడిసె కనపడితే చాలు, ఫొటో తీసేవాడు. "ఈ కుర్రాడు ఇక్కడేమన్నా పనిచేస్తన్నాడా అయ్యా?" ఇస్సాకు అనే కాపలాదారు అతని వాలకం చూసి గుడిసెలో కూర్చోబెట్టి, తన క్యారేజీలోంచి ఇంత అన్నం పెట్టాడు.

"తాతా, ఈ చుట్టుపట్ల చెరువులన్నిట్లో ఇప్పుడు పనిచేసేది బయటి రాష్ట్రాల పిల్లలే. తెలుగోడు ఉంటే నాకు తెలీకుండా ఉండడు" అన్నాడు.

అయినా బాపయ్య నమ్మలేదు. సాయంత్రం బాపట్ల స్టేషన్లో బెంచీ మీద కూర్చుని దిగేవాళ్ళ ముఖాలు చూశాడు. కొడుకు వయసున్న ప్రతి మగాడినీ కళ్ళతో పట్టుకుని వదిలాడు. ఒకడు "ఏంటి పెద్దాయనా, అట్టా చూస్తన్నావ్?" అని కసిరాడు. బాపయ్యకి సిగ్గేసింది. కానీ ఆ సిగ్గు కింద ఏదో వెచ్చగా ఉంది. ఎన్నాళ్ళో తినని తీపి నాలుక మీద పడ్డట్టుంది. ఏడేళ్ళ కిందట తనే నీళ్ళు వదిలిన కొడుకు ఎక్కడో ఊపిరి తీస్తున్నాడు. ఆ ఊహతోనే ఇంటికొచ్చాడు.

వారం తర్వాత శివనాగరాజు తల్లిదండ్రుల్ని తెనాలి తీసుకెళ్ళాడు. ప్లీడరు వెంకట్రామయ్య గారి ఆఫీసు ఒక మేడ మీద. ఆయన రత్తమ్మని ఎదురుగా కూర్చోబెట్టుకుని, చిన్నపిల్లకి పాఠం చెప్పినట్టు చెప్పాడు.

"చూడమ్మా. ఒక మనిషి గురించి ఏడేళ్ళపాటు, సహజంగా తెలియాల్సిన వాళ్ళకి ఏ కబురూ తెలియకపోతే, అతను చనిపోయాడనే చట్టం అనుకుంటుంది. దీన్ని ప్రిజంప్షన్ అంటారు. అంటే ఒక ఊహ. అయితే ఇది రిబటబుల్. ఖండించడానికి వీలున్న ఊహ అన్నమాట."

"ఖండించడం అంటే ఏంటి బాబూ?" అంది రత్తమ్మ.

"కాదనడం. ఊహల్లో రెండు రకాలున్నాయి. కొన్నిటిని ఎవరొచ్చి ఏం చెప్పినా కాదనలేం. ఏడేళ్ళ లోపు పిల్లాడు ఏం చేసినా నేరం కాదు అంటుంది చట్టం. వాడు కావాలనే చేశాడని నువ్వు వంద రుజువులు తెచ్చినా వినదు. రెండో రకం అట్లా కాదు. రుజువు వచ్చేదాకానే నిలబడుతుంది. మీ అబ్బాయి చావు ఈ రెండో రకం. బతికే ఉన్నాడని రుజువు చేసే బరువు మాత్రం ఆ మాట అనేవాళ్ళ మీద ఉంటుంది. కన్నతల్లి వచ్చి 'నా కొడుకు నాతో మాట్లాడాడు' అని ప్రమాణం చేసిందనుకో, ఆ బరువు చాలావరకు దిగినట్టే."

"మాట్లాడాడు బాబూ! అన్నం తిన్నావా అని అడిగాడు!"

"ఆ ముక్కే చెప్పు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పకు" అన్నాడు ప్లీడరు. ఆ ఫోను ఏ నంబరు నుంచి వచ్చింది, తర్వాత మళ్ళీ ఎందుకు రాలేదు అని ఆయన అడగలేదు. శివనాగరాజు ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపాడు. "నాకు తెలియాల్సింది తెలిసింది. మిగతాది నాకొద్దు" అన్నాడు.

గుమాస్తా కాగితాలు టైపు చేస్తుంటే శివనాగరాజు "ఇప్పుడే వస్తా" అని కిందికి దిగాడు. కాసేపటికి బాపయ్య కూడా ఒంటేలుకని దిగాడు. మేడ వెనక సందు. గోడ వారన చెత్త, పక్కన టీకొట్టు వాడు పారబోసిన ఉడికిన టీపొడి. అక్కడ నిలబడ్డాడో లేదో, గోడ మలుపు అవతలి నుంచి వినపడింది.

"అన్నం తిన్నావా అమ్మా? బెంగెట్టుకోమాక."

బాపయ్యకి "అశోకూ" అని నోటిదాకా వచ్చింది. పంచె ఎగ్గట్టుకుని గోడ మలుపు తిరిగాడు.

రాగిరంగు జుట్టు కుర్రాడొకడు మోటారుసైకిలు మీద వాలి, చేతిని నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నాడు. ఎదురుగా శివనాగరాజు.

"ఇట్టాగే కదన్నా? ఇంకోసారి చెయ్యమంటే ఈసారి కొంచెం దగ్గు కలుపుతా. ఒంట్లో బాగోనట్టు" అంటున్నాడు కుర్రాడు. మళ్ళీ ఆ గొంతు పెట్టాడు. "అమ్మా... నేనే."

శివనాగరాజు నవ్వాడు. నవ్వుతూ తలతిప్పి తండ్రిని చూశాడు. నవ్వు వెంటనే పోలేదు. పోవడానికి కొంచెం టైం పట్టింది. బాపయ్యకి ఆ తర్వాత ఎన్నాళ్ళో కళ్ళముందు ఆడింది ఆ టైమే.

బాపయ్య గోడ పట్టుకుని వంగి, పొద్దున తిన్న ఇడ్లీ అంతా టీపొడి మీద కక్కాడు. కుర్రాడు బండి స్టార్టు చేసుకుని పోయాడు. శివనాగరాజు నీళ్ళ సీసా తెచ్చి తండ్రి వీపు రాయబోయాడు.

"చెయ్యి తియ్యి" అన్నాడు బాపయ్య.

"అరవమాక నాయనా. అమ్మ పైన ఉంది."

"ఎవడాడు?"

"అనుదీప్ అని, ఫంక్షన్లలో మైకు మీద మాట్లాడతాడు. మిమిక్రీ చేస్తాడు. మన అశోక్ పెళ్ళి వీడియోలో ఆడి మాటలున్నయ్ కదా, అయ్యి వినిపిచ్చా. తప్పేముంది నాయనా? ఏడేళ్ళు దాటింది, అమ్మ ఎప్పుడన్నా ఇట్టా నవ్విందా? పొద్దున్నే లేచి తల దువ్వుకుంటంది చూశావా? నేను ఎవర్నీ చంపలా. చచ్చినోణ్ణి బతికిచ్చా. ప్లీడరు గారే అన్నారుగా, కాదనొచ్చని. కాదన్నా."

బాపయ్య పైకెళ్ళేసరికి రత్తమ్మ అప్పటికే వేలిముద్ర వేసేసింది. ఇంకు అంటిన బొటనవేలు పైకెత్తి భర్తకి చూపిస్తూ చిన్నపిల్లలా నవ్వుతోంది. బాపయ్య తన వేలిముద్ర వెయ్యలేదు. కళ్ళు తిరుగుతున్నాయని చెప్పి మెట్ల మీద కూర్చున్నాడు. ప్లీడరు, "పర్లేదు, ఆవిడొక్కతే చాలు" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో పులుసు ఉడుకుతోంది. రత్తమ్మ తెనాలి నుంచి వస్తూ వస్తూనే కానాగంత చేపలు కొనుక్కొచ్చింది. అశోక్‌కి ఇష్టమని. రోజూ ఏదో ఒకటి వాడి పేరు చెప్పి వండుతోంది. బాపయ్య ముందు కంచం పెట్టింది. ఆ వాసన తగలగానే అతనికి సందులో కక్కిన వాసన గుర్తొచ్చింది. కంచం దూరంగా నెట్టి, చూసింది చూసినట్టు చెప్పాడు.

రత్తమ్మ నమ్మలేదు. మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత లేచి నిలబడింది.

"నీకు నా కొడుకు బతకడం ఇష్టం లేదు. నువ్వేగా ఆడికి నీళ్ళొదిలావు? ఇప్పుడు ఆడొస్తే నీ ముఖం ఎక్కడ పెట్టుకుంటావోనని నీ భయం. కన్నదాన్ని నేను. నా బిడ్డ గొంతు నాకు తెలీదా?"

"నాకూ ఆడి గొంతనే అనిపిచ్చిందే. అందుకేగా బాపట్ల గట్లన్నీ తిరిగొచ్చా."

"తిరగలేక వెనక్కొచ్చావు" అని పులుసు గిన్నె పట్టుకుపోయింది.

శివనాగరాజు తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. లోపలికెళ్ళి, తల్లి వడ్డిస్తే ఆ పులుసులోనే అన్నం కలుపుకుని తిన్నాడు. ఇంకొక చేపముక్క అడిగి వేయించుకున్నాడు కూడా. బాపయ్య చీకట్లోంచి అతను ముళ్ళు తీయడం, వేళ్ళు నాకడం చూశాడు. వీణ్ణి నేనే ఎత్తుకుని తిరిగాను, వీడికి ఈత నేనే నేర్పాను అనుకుంటే తన చేతులంటేనే అతనికి ఏవగింపు పుట్టింది.

పొద్దున్నే లేచి రేపల్లె వెళ్ళాడు. మార్కెట్లో లక్ష్మీతిరుపతమ్మ కత్తిపీట ముందు కూర్చుని చేప పొలుసు గీస్తోంది. మామని చూసి గీయడం ఆపలేదు. సామాను వీధిన పడ్డ రోజు నోరు మెదపని మామ అతను. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది.

"ఏంటి మావయ్యా, దావా తీసేసుకోమని రాయబారమా? ఆయన ఫోన్ చేశాడంటగా. మార్కెట్టంతా చెప్పుకుంటన్నారు."

"చెయ్యలేదమ్మా" అన్నాడు బాపయ్య. అక్కడే తడినేల మీద కూర్చుని చెప్పాడు.

ఆమె విన్నంతసేపూ చేప వైపే చూసింది. అయ్యాక చేతులు కడుక్కుంది. కడిగిన చేతుల్నే మళ్ళీ కడిగింది.

"ఆ మాట విన్నకాడ్నించీ నాకు నిద్ర లేదు మావయ్యా. వాళ్ళమ్మకి చేశాడు, నాకు చెయ్యలేదే అనుకున్నా. పిల్ల ఎట్టా ఉందని కూడా అడగలేదే అనుకున్నా. నన్నొదిలించుకోడానికే పోయాడేమో అనుకున్నా. చచ్చిపోయిన మనిషిని నోటికొచ్చినట్టు తిట్టుకున్నా." పక్కకి తిరిగి కాండ్రించి ఉమ్మింది. "థూ. మనుషులేనా వీళ్ళు?"

ఆమె ప్లీడరు కావేరి రేపల్లెలోనే ఉంటుంది. చిన్న వయసు, గబగబా మాట్లాడుతుంది. బాపయ్య చెప్పింది విని పెన్ను మూత పెట్టి అతని వైపు తిరిగింది.

"మీరూ ఈ దావాలో పార్టీయేనండి. ఆ ప్లీడరుగారి కాగితాల మీద మీరు వేలిముద్ర వెయ్యలేదు కాబట్టి మీ సాక్ష్యం మీరు చెప్పుకోవచ్చు. అనుదీప్‌కి నేను సమన్లు పంపిస్తాను. కానీ తాతగారూ, మీ భార్య కూడా ఆ రోజు కోర్టులోనే ఉంటారు."

"ఉండనీ అమ్మా" అన్నాడు బాపయ్య.

రేపల్లె కోర్టులో రత్తమ్మ కొత్తచీర కట్టుకుని బోనెక్కింది. దేవుడి మీద ప్రమాణం చేసి, అడక్కముందే చెప్పింది. "నా కొడుకు మాట్లాడాడండి. అన్నం తిన్నావా అన్నాడండి." కావేరి ఆమెను ఎక్కువ అడగలేదు. ఆ తర్వాత ఫోన్ వచ్చిందా, మనిషి వచ్చాడా అని మాత్రం అడిగింది. "రాలేదండి. వస్తాడండి" అంది రత్తమ్మ.

తర్వాతి వాయిదాకి బాపయ్య వంతు. చూసింది చెప్పాడు. వెంకట్రామయ్య గారు లేచి కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఇప్పుడు మీరెక్కడ ఉంటున్నారు?"

"కోడలి కాడండి."

"మొగుడు లేని కోడలు. ఒకటే గది. అవునా?"

"అవునండి."

"ఆవిడ మిమ్మల్ని బాగా చూసుకుంటుంది. మీక్కూడా ఆవిడంటే బాగా... అభిమానం. అందుకే ఆవిడ ఏం చెప్పమంటే అది చెబుతున్నారు. అంతేనా?"

ఆ 'బాగా' తర్వాత ఆయన ఆగిన ఆగుడికి వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. జడ్జిగారు తలెత్తి, "ఆ ప్రశ్న అక్కడితో ఆపండి" అన్నారు. బాపయ్యకి ఆ ప్రశ్న అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. అర్థమయ్యాక ఒంటి మీద జెర్రి పాకినట్టయింది. ప్రశ్న వేసిన ప్లీడరు వైపు కాదు, బెంచీలో కూర్చున్న కొడుకు వైపు చూశాడు. శివనాగరాజు గోళ్ళు చూసుకుంటున్నాడు.

"అయ్యా, నా కొడుకు బతికున్నాడని చెప్పడం కంటే నాకు తీపి మాట లేదు" అన్నాడు బాపయ్య జడ్జిగారితో. "ఆ మాట చెప్పేవాడు దొంగాడైనా సరే, కాళ్ళు పట్టుకుందునండి. కానీ ఆడు బతికి లేడు. ఆ గొంతు ఆడిది కాదు. నేను చూశాను."

తర్వాత బోనెక్కిన అనుదీప్ భయపడిపోయి ఉన్నాడు. రాగిరంగు జుట్టు కత్తిరించేసుకుని వచ్చాడు. ఏదీ దాచలేదు. "ముసలామెకి ఓదార్పుగా ఉంటుందన్నారండి. కోర్టు సంగతి నాకు తెలీదండి" అన్నాడు. అప్పుడు వెంకట్రామయ్య గారు శివనాగరాజు వైపు తిరిగి, అందరికీ వినపడేటట్టే "నాకెందుకు చెప్పలేదయ్యా?" అని కోప్పడ్డాడు. బాపయ్యకి తెనాలిలో ఆయన ఎత్తిన చెయ్యి గుర్తొచ్చి, ముఖం తిప్పేసుకున్నాడు.

కోర్టు లేచాక వరండాలో జరిగింది ఎవరూ అనుకోనిది. రత్తమ్మ కొత్తచీర కొంగు నడుముకి చుట్టుకుని అనుదీప్‌కి అడ్డంగా వెళ్ళి నిలబడింది. కొడుతుందనుకున్నారు. వాడూ చేతులు అడ్డం పెట్టుకున్నాడు.

"ఒక్కసారి అను నాయనా" అంది.

"వద్దండీ. తప్పయిపోయిందండి."

"ఒక్కసారి."

వాడు చుట్టూ చూశాడు. సన్నగా అన్నాడు. "అన్నం తిన్నావా అమ్మా?"

రత్తమ్మ కళ్ళు మూసుకుని వింది. "ఇంకోసారి" అంది.

లక్ష్మీతిరుపతమ్మ స్తంభానికి ఆనుకుని, నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. బాపయ్య పరుగున వెళ్ళి రత్తమ్మ రెక్క పట్టుకుని లాగాలనుకున్నాడు. కానీ వెళ్ళలేదు. ఎందుకంటే తనూ ఆ రెండోసారి కోసం చెవులు రిక్కించి ఉన్నాడు. అది తెలిసిన క్షణం, అప్పటిదాకా కొడుకు మీదా ప్లీడరు మీదా కమ్మిన రోతంతా వచ్చి తన మీదే కూర్చుంది. వాడు రెండోసారి అనకుండా ఏడుస్తూ మెట్లు దిగి పారిపోయాడు.

తీర్పు వచ్చేసరికి వానలు పడుతున్నాయి. అశోక్ చనిపోయాడన్న ఊహను ప్రతివాదులు ఖండించలేకపోయారనీ, అది అలాగే నిలుస్తుందనీ, ఇంట్లో అతని భాగం వారసులకే వస్తుందనీ జడ్జిగారు చదివారు. అబద్ధపు సాక్ష్యం తయారుచేసినందుకు శివనాగరాజు మీద విడిగా విచారణ జరపాలని కూడా రాశారు. రత్తమ్మ మోసపోయిందే గానీ మోసం చెయ్యలేదని ఆమెను వదిలేశారు.

బయటికొచ్చాక బాపయ్య కావేరిని అడిగాడు. "ఇంక దీన్ని ఎవరూ కాదనలేరా అమ్మా?"

ఆమె అబద్ధం చెప్పలేకపోయింది. "ఆ మనిషే నడిచొస్తే ఏ తీర్పూ నిలబడదు తాతగారూ. అలా అని వస్తాడని కాదండి, చట్టం అంతవరకే చెప్పగలదు" అంది.

పక్కనే ఉన్న రత్తమ్మ ఆ మొదటి ముక్క మాత్రమే వింది. ముఖం విప్పారింది. "చూశావా? ఆడొస్తే ఇదంతా చెల్లదంట!" అని భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎన్నో నెలల తర్వాత ఆమె అతన్ని ముట్టుకోవడం అదే. బాపయ్య ఆ చెయ్యి విడిపించుకోలేదు. కానీ మెట్ల కింద శివనాగరాజు ఆటో పిలిచి నిలబడి ఉన్నాడు. "రావే అమ్మా, తడుస్తావ్" అంటున్నాడు. ఏమీ జరగనట్టే. రత్తమ్మ భర్త చెయ్యి వదిలి అటు నడిచింది.

"ఆడితో పోతావా? ఆడు నీకు చేసింది తెలిసీ?" అన్నాడు బాపయ్య.

"ఆడూ నా కొడుకేగా" అంది రత్తమ్మ, వెనక్కి తిరక్కుండా. "ఇంకో కొడుకు వచ్చేదాకా ఉన్నది ఆడేగా."

శివనాగరాజు జరిగి తండ్రికి కూడా చోటు చూపించాడు. బాపయ్య ఆ చోటు వైపు చూశాడు. నోట్లో ఊరిన నీళ్ళు మింగడానికి కూడా అసహ్యమేసి, రోడ్డు పక్క కాలవలో ఉమ్మాడు. ఆటో వెళ్ళిపోయింది.

లక్ష్మీతిరుపతమ్మ గొడుగు తెరిచి అతని నెత్తిన పట్టింది. "పద మావయ్యా. ఇందుని బడి నుంచి తీసుకురావాలి. వాన ఎక్కువయ్యేట్టుంది" అంది. ఇద్దరూ బడి వైపు నడిచారు.